పంతులమ్మ ఇల్లు

మొన్న వినాయక చవితి పందిరి వేసిన ఏడో రోజున మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు బియ్యం అడగడానికి బయలుదేరారు. ఆఖరి రోజు అన్నదానానికి ఇంటికో గ్లాసు బియ్యం పోయాలి, అందరి బియ్యం కలిపి ఒకే గుండిగలో వండాలి. మా దగ్గర అదొక ఆనవాయితీ. మా దగ్గర అంటే పాల్వంచలో, కరెంటు ఫ్యాక్టరీకి షిఫ్టు బస్సులు తిరిగే రోడ్డు వెనకాల, మూడంతస్తుల బిల్డింగులో. నాది రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ చేతివైపు మూడో తలుపు. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో ఒరిగి ఉన్నాను. మొదటి తలుపు కొట్టిన చప్పుడు వినబడింది, తర్వాత నవ్వులు, స్టీలు బకెట్లో బియ్యం పడుతున్న చప్పుడు. రెండో తలుపు దగ్గరా అదే వరస. నేను లేచి చీర సర్దుకున్నాను. ఎందుకు సర్దుకున్నానో అడగకండి. అడుగులు నా తలుపు ముందుకొచ్చి కాస్త మెల్లబడ్డాయి, ఎవరో "ష్" అన్నారు, ఆ తర్వాత నాలుగో తలుపు కొట్టారు.

తప్పు వాళ్లది కాదు. నాలుగేళ్ల కిందట ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో ఇలాగే గ్లాసు బియ్యం కోసం వస్తే, గుమ్మంలో నిలబెట్టి పావుగంట పాఠం చెప్పాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదని, నమ్మకం లేకుండా బియ్యం పోస్తే అది మిమ్మల్ని మోసం చేసినట్టే అవుతుందని, కాబట్టి మీ మీద గౌరవంతోనే పోయడం లేదని. పాపం, బకెట్ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ బుద్ధిగా విన్నారు. అప్పటినుంచి వాళ్లు కూడా నన్ను గౌరవిస్తున్నారు. చవితికి, బతుకమ్మకి, కార్తీకంలో వనభోజనాలకి నా తలుపును ఎంతో మర్యాదగా దాటిపోతున్నారు. అడిగిన రోజున విసుక్కున్నాను, అడగని రోజున ఏడుపొస్తోంది. ఈ వయసులో ఇదేం విడ్డూరమో అని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ కుర్చీలో కూలబడ్డాను.

కుర్చీకి ఎదురుగా పుస్తకాల అలమారా. దాని పైఅరలో, సమాజశాస్త్రం పుస్తకాల పక్కన, ఎండిన సొరకాయ బుర్ర ఒకటి ఉంటుంది. మూతికి గుడ్డపీలిక బిగించి ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లు దాన్ని అలంకారానికి పెట్టుకున్నాననుకుంటారు. వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి వివరించే శ్రమ నాకు పెద్దగా కలగలేదు.

నేను రిటైరయ్యేదాకా డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పాను. రెండో సెమిస్టర్లో ఒక పాఠం ఉండేది, మతం ఒక సామాజిక సంస్థ అని. కుటుంబం, వివాహం, ఆస్తి, మతం, ఇవన్నీ మనుషులు కలిసి బతకడానికి కట్టుకున్న ఏర్పాట్లని చెప్పాలి. పది మార్కుల ప్రశ్న, తప్పకుండా వచ్చేది. నేను ఆ పాఠాన్ని ఎంత ఇష్టంగా చెప్పేదాన్నంటే, పక్క గదిలో ఆర్థికశాస్త్రం చెప్పే ఆయన తన పాఠం ఆపి వినేవాడని పిల్లలు చెప్పుకునేవారు. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, "అయితే దేవుడు లేడా మేడం?" అని అడిగింది. "సిలబస్‌లో లేడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వును చాలా ఏళ్లు ఒక బహుమతిలా దాచుకున్నాను.

నిజానికి ఆ పాఠం నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు. కొంత మా ఇంట్లోనే ఉంది. మా నాన్న కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయిలో పని చేసేవాడు. బాయి ముందు మైసమ్మ గద్దె ఉండేది. షిఫ్టుకు దిగేవాళ్లు అక్కడ ఆగి, బొట్టు పెట్టుకుని దిగేవారు. నాన్న ఇంట్లో ఏ దేవుడి పటానికీ దండం పెట్టగా నేను చూడలేదు. అయినా డ్యూటీ నుంచి వచ్చినప్పుడు ముఖాన బొగ్గుపొడి కింద ఎర్రగా బొట్టు కనబడేది. మాటలు నేర్చిన వయసు కదా, ఒకరోజు ఎగతాళిగా అడిగాను. నాన్న కాళ్లు కడుక్కుంటూ, "నేను మొక్కకుంటే అమ్మవారికేం గాదు బిడ్డా. నా పక్కపొంటి దిగేటోనికి బుగులైతది. బుగులైన మనిషి కింద సక్కగ పని చెయ్యడు" అన్నాడు. బుగులంటే మావైపు భయం. ఇంత మాట ఇంట్లో వినబడినా, పుస్తకంలో అచ్చులో కనబడేదాకా నాకు అది జ్ఞానమనిపించలేదు.

ఇక సొరబుర్ర సంగతి. ముప్పై ఐదేళ్ల కిందట నా మొదటి ఉద్యోగం అడవిలో, చిన్న బడికి పంతులమ్మగా. భద్రాచలం వెళ్లే రోడ్డు మీద బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడవాలి. కోయవాళ్ల ఊరు, ముప్పై ఇళ్లు. అటు టేకు చెట్లు, ఇటు వాగు, మధ్యలో నేను. కరెంటు లేదు. బడి వదిలాక పిల్లలు పశువుల వెంట వెళ్లిపోయేవారు, పెద్దవాళ్లు వాళ్ల మాటలో వాళ్లు మాట్లాడుకునేవారు, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను ఉన్నది ఒక ముసలమ్మ ఇంటి పక్క పంచన కట్టిన ఒంటిగదిలో. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమెకు తెలుగు బాగా వచ్చు. భద్రాచలం సంతలో ఇప్పపువ్వు, చింతపండు అమ్మి అమ్మి నేర్చుకున్న తెలుగు. సాయంత్రాలు గడప మీద కూర్చుని దూరవిద్యలో కట్టిన ఎం.ఏ. పుస్తకాలు చదువుతుంటే, ఆమె చేటలో ఏదో ఒకటి ఏరుతూ నన్నే చూసేది. "కండ్లు పోతయి పంతులమ్మా, ఎవలన్న మనుషులతోని మాట్లాడరాదు" అనేది. ఎవరితో మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఆ ఏడాదిలో నేను ఏడ్చినన్ని సార్లు తర్వాత ఎప్పుడూ ఏడవలేదు.

మృగశిర వచ్చాక విత్తనాల పండుగ చేసుకుంటారు. పండుం అంటారు వాళ్లు. అది జరగనిదే ఎవరూ పొలంలో గింజ వేయరు. మామూలుగా బడి సెలవుల్లో జరిగిపోయేదట, ఆ ఏడు వాన జాడ లేక వెనక్కి జరిగి, బడి తెరిచిన వారానికి వచ్చింది. ముందురోజు సాయంత్రం అవ్వ, "రేపు నువ్వూ రావాలె. ఇంటికో పిడికెడు తేవాలె, ఉత్త చేతుల రాగూడదు" అని చెప్పింది. నేను సంబరపడ్డాను. భక్తితో కాదు, నోటుబుక్కుతో. ప్రాజెక్టు పనికి మంచి అధ్యాయం దొరికిందని. పొద్దున్నే కొత్తగూడెం నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీసి పిడికెడు తీసి కొంగున ముడేసుకుని, చేత్తో నోటుబుక్కు పట్టుకుని బయలుదేరాను.

ఊరి చివర చెట్ల కింద శుభ్రంగా ఊడ్చిన చోట అందరూ కూడారు. మధ్యలో పెద్ద వెదురుగంప. ఊరి పెద్ద ఒక్కొక్క ఇంటినే ఇంటిపేరుతో పిలుస్తాడు, ఆ ఇంటివాళ్లు "ఉన్నం" అని పలికి, ముందుకొచ్చి గంపలో పిడికెడు గింజలు వేస్తారు. వడ్లు, జొన్నలు, కందులు, సామలు, ఎవరికి ఏది ఉంటే అది. పిలవకుండా ఎవరూ వేయరు, పిలిస్తే పలకకుండా ఉండరు. మనిషి మంచాన పడి రాలేకపోతే పక్కింటివాళ్లు వాళ్ల తరఫున పలుకుతారు. అన్నీ కలిసిన గింజల మీద కోడిని కోస్తారు. తర్వాత పూజారి వాటిని చేత్తో కలిపి, మోదుగాకు దొప్పల్లో మళ్లీ ఇంటింటికీ పంచుతాడు. అలా పంచిన గింజలే ముందుగా పొలంలో పడాలి. అంటే ప్రతి ఇంటి పొలంలో ముప్పై ఇళ్ల గింజలు మొలుస్తాయన్న మాట. నేను గబగబా రాసుకుంటున్నాను.

ముప్పై ఇళ్లూ అయిపోయాయి. ఊరి పెద్ద ఇక పూజారి వైపు తిరిగాడు. అప్పుడు అవ్వ గట్టిగా, "పంతులమ్మ ఇల్లు మరిస్తివి" అంది. ఆయన నవ్వి, "పంతులమ్మ ఇల్లు!" అని పిలిచాడు. పలకాల్సింది పోయి నోటుబుక్కు మూశాను. అందరూ నా వైపు చూస్తున్నారు. అవ్వే నా మోచేయి పట్టి ముందుకు తోస్తూ, "ఉన్నది!" అని కేకేసింది. వెళ్లి గంప మీద కొంగుముడి విప్పాను. తెల్లగా, మెరుస్తూ, సన్నబియ్యం.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో కూడా నాకు అర్థం కాలేదు. బొగ్గుబాయి క్వార్టర్లలో పుట్టిన దాన్ని, నాకు తెలిసిన గింజ బియ్యమే. నేలలో పడితే మొలిచేవి వడ్లని, పొట్టు తీసిన బియ్యం మొలవవని చిన్న పిల్లలకు కూడా తెలుస్తుంది. డిగ్రీ చదివిన నాకు ఆ ఘడియలో తట్టలేదు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. నాకు తెలియాలని తెలుగులోనే, "గిదేంది? పానం లేని గింజ తెచ్చి పానమున్న గింజల్ల కలిపింది. అసలే వాన లేదు. తల్లి ముందట గిట్ల చెయ్యొచ్చునా? ఏరి పారెయ్యున్రి" అన్నాడు. పూజారి గంపలోకి చూస్తూ ఆగిపోయాడు. నాకు అక్కడే నేల చీలితే బాగుండుననిపించింది. ఏరి పారేసేది బియ్యాన్ని కాదు, నన్నే అని తెలిసిపోయింది.

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చింది. "ఇత్తు బతికిందా సచ్చిందా తల్లి సూసుకుంటది. ఇల్లు ఉన్నదా లేదా, గది మనం సూసుకోవాలె. పంతులమ్మ ఇల్లు ఉన్నది. ఉన్నదన్నంక పిడికెడు గంపలకెల్లి ఎట్ల తీస్తవ్?" అంది. పూజారి చెయ్యి పెట్టి గింజలు కలిపేశాడు. ఆ రోజు ప్రతి ఇంటి దొప్పలోనూ నాలుగైదు తెల్లటి బియ్యపు గింజలు కనబడ్డాయి. వాళ్లు వాటిని ఏరకుండానే చల్లారు. నా దొప్పలో వచ్చినవి అవ్వ తన దొడ్లో వేసింది. వాన ఇంకో పది రోజులకు గానీ పడలేదు. ఆ పది రోజులూ మబ్బును చూస్తూ నేను పడ్డ భయం నమ్మకం ఉన్నవాళ్లు కూడా పడి ఉండరు. వాన పడ్డాక ఆ పెద్దాయనే బడికొచ్చి, తన మనవణ్ణి చేర్పించి వెళ్లాడు. బియ్యం మాట మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం నోటుబుక్కులో, "క్రతువులు సమూహ ఐక్యతను పెంపొందించును" అని రాసుకున్నాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ వర్షాకాలం ఒక సాయంత్రం చదివింది దాచుకోలేక అవ్వతో వాదన పెట్టుకున్నాను. "మీరంతా ఏడాదికోసారి ఒకచోట చేరడానికే ఈ పండుగ పెట్టుకున్నారవ్వా. అసలు సంగతి చేరడం, తల్లి కాదు" అన్నాను. ఆమె చేట పక్కన పెట్టింది. "అవ్, కూడుతం" అంది. మళ్లీ, "తల్లి పిలువకుంటే ఊకె ఎందుకు కూడుతం పంతులమ్మా? ఎవలింట్ల వాళ్లమే తిని పండుకుందుము. నువ్వు పొయ్యి ఉన్నదంటవ్, కుండ ఉన్నదంటవ్, నిప్పు ఒక్కటి లేదంటవ్. మరి అన్నం ఎట్ల ఉడికిందే?" అంది. నేను నవ్వేశాను. పల్లెటూరి ముసలమ్మ మాట కదా అని. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. దేవుడున్నాడని ఇప్పుడూ నమ్మను. నిప్పు లేదని మాత్రం అప్పట్లా గట్టిగా అనలేను.

రెండేళ్లకు బదిలీ అయింది. వచ్చేటప్పుడు అవ్వ బస్సు రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు నా వెంట నడిచింది. "పండుంకు రావాలె మరి" అంది. "ప్రతి ఏడూ వస్తానవ్వా" అన్నాను. అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో నాకు తెలియదు. తర్వాత కాలేజీ ఉద్యోగం, ఖమ్మం, వైరా దగ్గర కొన్నేళ్లు, మళ్లీ ఖమ్మం. మృగశిర వచ్చిందంటే వాల్యుయేషన్ పేపర్లు, అడ్మిషన్లు. వచ్చే ఏడు వెళ్దామనుకునేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, ఆ కథ వేరే, దానికి కూడా వచ్చే ఏడనే అనుకున్నాను లెండి. ప్రతి సంవత్సరం ఆ పాఠంలో అవ్వ మాట ఉదాహరణగా చెప్పేదాన్ని. మనిషిని చూడ్డానికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఖమ్మం నుంచి మూడు గంటల దారి.

మూడేళ్ల కిందట, భద్రాచలంలో ఏదో పని ఉండి షేర్ ఆటోలో వెళ్తుంటే, రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని ఆడవాళ్లు ఆపారు. పండుం రోజుల్లో అలా దారి ఆపి ఆడుతూ పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర ఏదో ఒకటి పుచ్చుకుంటారు. ఏ ఊరని అడిగితే, నేను పంతులమ్మగా చేసిన ఊరే. నోరూరుకోక, "నేను ఒకప్పుడు మీ ఊళ్లో టీచర్ని" అన్నాను. తాడు పట్టుకున్న వాళ్లలో ఒకామె దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూసింది. "పంతులమ్మ ఇల్లంటే మీదేనా?" అంది. నాకు అర్థం కాలేదు. "ఏటేటా పండుంల ఇండ్లన్ని పిలిచినంక, ఆఖరికి పంతులమ్మ ఇల్లు అని పిలుస్తరు మేడం. ఎవల ఇల్లో మాకు తెల్వదు. మా పిల్లలైతే అదేదో దేవరనుకుంటున్నరు" అని నవ్వింది. ఆమె అవ్వ మనవరాలు.

ఆటోవాణ్ణీ, అందులో వాళ్లనూ బతిమాలి ఊళ్లోకి తీసుకెళ్లమన్నాను. అరగంట మాత్రమే ఆగుతానన్నాడు. నా ఒంటిగది లేదు, అక్కడ మేకల దొడ్డి ఉంది. అవ్వ పోయి ఎనిమిదేళ్లయిందట. "పోయేదాంక ఆమెనే పలికేది. మీ పేరు మీద పిడికెడు వడ్లు ఆమెనే వేసేది. వచ్చిన దొప్పల గింజలు గీ బుర్రలనే పోసేది, వస్తే ఇయ్యాలెనని" అంటూ మనవరాలు దూలానికి వేలాడుతున్న సొరబుర్ర దింపి నా చేతిలో పెట్టింది. ఊపితే లోపల పొడిగా చప్పుడైంది. "మరి ఆమె పోయాక ఎవరు పలుకుతున్నారమ్మా?" అని అడిగాను. "ఎవలో ఒకలు ఉన్నదంటరు మేడం. పిలిచినంక పలుకకుంటే ఎట్ల?" అంది. ఆటో హారన్ మోగింది. అవ్వను ఎక్కడ పెట్టారో కూడా అడగకుండా వచ్చేశాను. దారంతా బుర్రను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాయన, "దవాఖానాకు పోతున్నరా అమ్మా?" అని అడిగాడు. ఇంటికొచ్చి గుడ్డ విప్పి చూస్తే సగానికి పైగా పురుగు తిని పిండైపోయాయి. మిగిలినవాటిలో కొన్ని బాల్కనీ కుండీలో వేసి నెల రోజులు నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు. మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

మొన్న బియ్యం వాళ్లు నా తలుపు దాటిపోయాక ఇదంతా వరసగా గుర్తొచ్చింది. నేను ఉండని ఊళ్లో నా ఇల్లు ఉంది. నేను ఉంటున్న చోట లేదు. అక్కడ నన్ను చూడని మనుషులు నా తరఫున పలుకుతున్నారు, ఇక్కడ నేను తలుపు వెనకాల చీర సర్దుకుని నిలబడ్డాను. వాళ్లు పై అంతస్తు కూడా ముగించుకుని కిందికి దిగిపోతున్న చప్పుడు వినబడింది. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నిండా బియ్యం పోసుకున్నాను. ఈసారి బియ్యమే కావాలి, అదొక్కటి ధైర్యం.

కింద పార్కింగ్‌లో పందిరి పక్కన ఆడవాళ్లు చాప మీద కూర్చుని బియ్యం చెరుగుతున్నారు. నన్ను చూడగానే మొదటి ఫ్లాట్ ఆవిడ గాభరాగా లేచింది. నా మనసు నొచ్చుకుందని కనిపెట్టినట్టుంది, వెంటనే మర్యాదగా ఒక అబద్ధం ఆడింది.

"అయ్యో మేడం, మీరు ఊర్ల లేరేమో అనుకున్నం."

"ఉన్నానమ్మా" అన్నాను.

గ్లాసు బకెట్లోకి వంచాను. నా బియ్యం వాళ్ల బియ్యంలో కలిసి, ఏవి ఎవరివో తెలియకుండా పోయాయి. ఒకామె జరిగి చాప మీద చోటిచ్చింది. కూర్చుని చేట అందుకున్నాను, కానీ కాసేపటి దాకా బియ్యం సరిగా కనబడలేదు. చెట్ల కింద ఊరంతా నా వైపు చూస్తూ ఎదురుచూసిన ఆ ఒక్క మాట నా నోటినుంచి రావడానికి ముప్పై ఐదేళ్లు పట్టింది, నా బదులు అన్నేళ్లు పలికిన మనిషి వినడానికి లేదు.